తప్పటడుగుల వయసులో రంగులు: శిశుసంరక్షణ కేంద్రాల చిత్రలేఖన కృత్యాలు – తెలుగు మాటల ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లల చేత శిశుసంరక్షణ కేంద్రాలు చేయించే రంగుల కృత్యాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వీటికి ‘సృజనాత్మక’ అనే విశేషణం చేర్చడం పరిపాటి అయినా, ఎక్కువ భాగం పెద్దలు ముందే నిర్ణయించిన ఆకృతిని పిల్లల చేత పూర్తి చేయించేవే. దీనికి వసతుల కొరత ఒక్కటే కారణం కాదనీ, దిద్దు, బొమ్మ, పిచ్చిగీత, పులుము వంటి తెలుగు మాటల్లో స్థిరపడిన విలువలు కూడా కారణమనీ ఈ వ్యాసం వాదిస్తుంది. అదే భాషలోని అలుకు, ముగ్గు అనే మాటలు వేరొక దృష్టికి ఎంతవరకు ఆధారం కాగలవో చర్చిస్తుంది.

కీలకపదాలు: పసిపిల్లలు, రంగుల కృత్యాలు, క్రెష్, దిద్దడం, పిచ్చిగీతలు, ముగ్గు, బాలల చిత్రకళ.

ఉపోద్ఘాతం

పసిబిడ్డ శరీరం సొంతంగా సాధించే ప్రతి మెట్టుకూ తెలుగు ఇళ్ళలో ఒక పిండివంట ఉంది. బోర్లాపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు. ప్రాంతాన్ని బట్టి వంటకం మారవచ్చు, కొన్ని ఇళ్ళలో కొన్ని మాత్రమే జరగవచ్చు. కానీ ఈ వేడుకలన్నింటికీ ఒక సమానధర్మం ఉంది. బిడ్డ తనంతట తాను చేసిన పనికే వేడుక జరుగుతుంది. ఆ అడుగు తడబడుతుంది కనుకనే దానికి ‘తప్పటడుగు’ అని పేరు. పెద్దవాళ్ళు వేస్తే తప్పటడుగు పొరపాటు. ఏడాది బిడ్డ వేస్తే అరిసెల పండగ. తడబాటు లేని నడక వచ్చేదాకా ఆగుదామని ఏ అమ్మమ్మా అనదు.

చేతి విషయానికి వచ్చేసరికి ఈ ఔదార్యం కనిపించదు. బిడ్డ మొదటిసారి బొగ్గుముక్కతో గోడ మీద గీత గీసిన రోజుకూ, ఒలికిన పాలలో అరచేయి తిప్పి వలయం చేసిన రోజుకూ వంటకమేదీ లేదు. చేతికి సంబంధించిన తొలి వేడుక అక్షరాభ్యాసం. అందులో పళ్ళెంలోని బియ్యం మీద కదిలే వేలు బిడ్డదే గాని, ఆ కదలిక పెద్దలది. పాదానికి దొరికిన స్వేచ్ఛ వేలికి దొరకలేదు. శిశుసంరక్షణ కేంద్రాల్లో జరుగుతున్న చిత్రలేఖన కృత్యాల స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి ఈ తేడా నుంచే మొదలుపెట్టడం సమంజసం.

ఇక్కడ పరిశీలిస్తున్నది మూడేళ్ళ లోపు పిల్లల సంగతి. అంగన్‌వాడీల్లో పూర్వప్రాథమిక విద్య మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలకు. 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వరకే మాట్లాడుతుంది. పుట్టుక నుంచి మూడేళ్ళ వరకు ఉన్న పిల్లల కోసం కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ‘నవచేతన’ అనే చట్రాన్ని 2024లో మాత్రమే విడుదల చేసింది. మరోపక్క, 2017 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు క్రెష్ వసతిని తప్పనిసరి చేసింది. నగరాల్లో ప్రైవేటు డేకేర్‌లు, ప్లేస్కూళ్ళు సరేసరి. అంటే, పాఠ్యప్రణాళిక అనేది ఆలస్యంగా చేరిన చోట పిల్లలు ముందే చేరారు. అక్కడ వాళ్ళ చేతికి రంగు ఇచ్చేవారికి దారి చూపేది చాలావరకు అలవాటు. అలవాటు మాటల్లో ఉంటుంది. కనుక ఇది విద్యాశాస్త్రానికి ఎంత సంబంధించినదో తెలుగు విమర్శకు కూడా అంతే సంబంధించినది.

1. ‘దిద్దు’ అనే క్రియ

తెలుగులో ‘దిద్దు’ అనే క్రియకు ఉన్న అర్థాలను పక్కపక్కన పెట్టి చూడాలి. అక్షరాలు దిద్దడమంటే ముందే రాసి ఉన్న రూపం మీద చేయి పోనివ్వడం. తప్పులు దిద్దడమంటే సవరించడం. బొట్టు దిద్దడం, కాటుక దిద్దడం అంటే చక్కగా అమర్చడం. గురజాడ 1910 నాటి కథకు ‘దిద్దుబాటు’ అని పేరు పెట్టినప్పుడు దారి తప్పిన మనిషిని దారికి తేవడం అనే అర్థం కూడా ఆ మాటకు సహజంగా ఒదిగింది. పాఠశాలల వార్షికోత్సవ ప్రసంగాల్లో తప్పనిసరిగా వినిపించే మాట ‘తీర్చిదిద్దడం’. పిల్లలను భావి పౌరులుగా తీర్చిదిద్దుతారు.

ఈ అర్థాలన్నింటి అడుగునా ఒకే ఊహ ఉంది. సరైన రూపం ముందే ఉంది, చేయి దాన్ని అందుకోవాలి. అక్షరం విషయంలో ఇది న్యాయమే. ‘అ’ను ఎవరికి తోచినట్టు వారు రాస్తే అది ‘అ’ కాదు. చిక్కు ఎక్కడంటే, అక్షరానికి తగిన ఈ క్రియ రంగుకు కూడా పాకింది. ముద్రించిన ఆపిల్ పండు గీతల లోపల ఎర్రరంగు నింపమని రెండున్నరేళ్ళ బిడ్డకు కాగితం ఇవ్వడం చిత్రలేఖనం కాదు, రంగుతో దిద్దించడం. గీత దాటితే ఆయా చేయి పట్టుకుంటుంది. అక్షరాభ్యాసం నాటి పళ్ళెమే ఇక్కడ కాగితమైంది.

పాత తెలుగులో ఈ రెండు పనులకూ ‘వ్రాయు’ అనే ఒకే క్రియ ఉండేది. కావ్యాల్లో నాయికానాయకులు చిత్తరువులు ‘వ్రాస్తారు’. బ్రౌను నిఘంటువు ఆ క్రియకు లిఖించడం, చిత్రించడం అనే రెండర్థాలూ చూపింది. ఆధునిక వ్యవహారంలో అక్షరం ‘రాయడం’గా, బొమ్మ ‘గీయడం’, ‘వేయడం’గా విడిపోయాయి. మాటలు విడిపోయినా బోధనలో మాత్రం రాత పెత్తనమే మిగిలింది.

ఈ దిద్దించే పద్ధతి కేవలం మన సంప్రదాయపు నేరమని అనడం తొందరపాటు అవుతుంది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి యుద్ధకాలమంతా భారతదేశంలో గడిపిన మరియా మాంటిసోరి కూడా పిల్లల స్వేచ్ఛాచిత్రణను ఆమోదించలేదు. ఆమె పద్ధతిలో లోహపు చట్రాల అంచు వెంట పెన్సిలు పోనిచ్చి, ఆ ఆకృతి లోపల గీతలు నింపుతారు. అది చేతిని రాతకు సిద్ధం చేసే అభ్యాసం. ఆమె విషయంలో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ అభ్యాసాన్ని ఆమె సృజన అని పిలవలేదు, చేతికి తాలీముగానే చూపింది. నేటి కేంద్రాల్లో అభ్యాసం అదే, పేరు మాత్రం సృజనాత్మక కృత్యం. ఈ వ్యాసపు అభ్యంతరం దిద్దించడం మీద కన్నా ఈ పేరు మీద ఎక్కువ. దిద్దించినంత కాలం దిద్దిస్తున్నామని ఒప్పుకుంటే బిడ్డకు వేరే సమయం, వేరే కాగితం ఇవ్వాలన్న ఆలోచన మిగులుతుంది. దిద్దడాన్నే సృజన అంటే ఆ ఆలోచనకు కూడా చోటుండదు.

2. ‘ఏం బొమ్మ వేశావు నాన్నా?’

తెలుగులో ‘బొమ్మ’ అంటే ఆడుకునే బొమ్మ, కాగితం మీది చిత్రం కూడా. వాడుకలో సినిమా కూడా బొమ్మే. మూడింటిలోనూ ఉన్నది పోలిక. బొమ్మ అన్నాక అది దేనికో బొమ్మ అయి ఉండాలి. అందుకే పసిబిడ్డ రంగు పూసిన కాగితం తెచ్చి చూపగానే పెద్దల నోట మొదట వచ్చే ప్రశ్న, ‘ఏం బొమ్మ వేశావు నాన్నా?’ అడిగిన మనిషిలో ప్రేమకు లోటు లేదు. కానీ ఆ ప్రశ్నలో ఒక షరతు ఉంది. పోలిక లేని చిత్రాన్ని పిలవడానికి వాడుకలో గౌరవనీయమైన మాట లేదు. ఉన్నవి కోడిగీతలు, పిచ్చిగీతలు. ‘పిచ్చి’ అనే విశేషణం ఆ గీతకు అర్థం లేదని చెప్పడంతో ఆగదు. దాన్ని గీసిన చేతికి ఉద్దేశం లేదని కూడా చెబుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో బాలల చిత్రకళ మీద జరిగిన ముఖ్యమైన పని ఈ ‘పిచ్చి’ అనే తీర్పును సవాలు చేసిందే. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947 నాటి ‘క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్’ గ్రంథంలో గీతల దశను చిత్రకళకు ముందున్న ఖాళీగా కాక, దానిలోని తొలి దశగానే లెక్కించాడు. అదుపు లేని గీతలు, అదుపులోకి వచ్చిన గీతలు, చివరకు గీతలకు పేరు పెట్టడం అని ఆ దశలోనే అంతరాలు చూపాడు. రంగులు నింపే పుస్తకాలను గట్టిగా వ్యతిరేకించినవాడు కూడా ఆయనే. శాన్‌ఫ్రాన్సిస్కోలో శిశుపాఠశాల నడిపిన రోడా కెల్లాగ్ లెక్కకు మించిన పిల్లల చిత్రాలు సేకరించి, 1969లో ప్రచురించిన గ్రంథంలో ఇరవై మౌలిక గీతలను వర్గీకరించింది. పిల్లలందరూ మండలాకారం మీదుగా ప్రయాణిస్తారన్న ఆమె ప్రతిపాదనను తర్వాతి పరిశోధకులు అంతగా ఆమోదించలేదు. ఆమె లెక్కకు, ఆమె సిద్ధాంతానికి మధ్య దూరం ఉంది. అయినా గీతలకు వర్ణమాల వంటిది ఉంటుందని, అవి తోచినట్టు పడిన గీకుళ్ళు కావని చూపిన ఘనత ఆమెదే.

వీరిద్దరి కన్నా తప్పటడుగుల వయసుకు దగ్గరగా వెళ్ళినవాడు బ్రిటిష్ పరిశోధకుడు జాన్ మాథ్యూస్. తన సొంత పిల్లలు రంగుతో చేసే పనులను పసితనం నుంచీ గమనించి నమోదు చేశాడు. రెండేళ్ళ కొడుకు కుంచెను కాగితం మీద గుండ్రంగా తిప్పుతూ, కారు మలుపు తిరుగుతోందని చెబుతూ, చివరకు అది కనబడకుండా పోయిందని ప్రకటించిన ఘట్టం ఈ రంగంలో ప్రసిద్ధం. ఆ కాగితాన్ని తర్వాత చూసినవారికి కనిపించేది రంగు ముద్ద. అందులో కారు లేదు. చక్రాలు, తలుపులు లేవు. కానీ కుంచె కదిలినంతసేపు అక్కడ కారు ఉంది. బిడ్డ చిత్రించింది కారు ఆకారాన్ని కాదు, కారు వెళ్ళడాన్ని. రంగు మీద రంగు పడి కింది గీత మూసుకుపోవడం పాడైపోవడం కాదు. కారు మలుపు దాటి మరుగైపోవడమే.

ఈ ఒక్క ఉదాహరణ ‘ఏం బొమ్మ?’ అనే ప్రశ్నను తలకిందులు చేస్తుంది. బిడ్డ పని నామవాచకం కాదు, క్రియ. తెలుగులో అడగవలసింది ‘ఏం బొమ్మ?’ అని కాదు, ‘ఏం జరిగింది?’ అని. ఇంకా చెప్పాలంటే పూర్తయిన కాగితం దగ్గర అడగడమే ఆలస్యం. కుంచె కదిలేటప్పుడు పక్కన కూర్చున్నవారికి మాత్రమే ఆ చిత్రం కనిపిస్తుంది. సాయంత్రం గోడకు అంటించిన కాగితంలో దాని ఆనవాలు మాత్రమే ఉంటుంది.

3. పులమడం, అలకడం

రెండేళ్ళ బిడ్డ అసలు గీయడు, పూస్తాడు. గీతకు మొన కావాలి, మొనకు మణికట్టు అదుపు కావాలి. ఆ వయసులో కదిలేది భుజం నుంచి మొత్తం చేయి. ఈ పనికి తెలుగులో ఉన్న మాట ‘పూయు’. గంధం పూస్తారు, సున్నం పూస్తారు, మందు పూస్తారు. పెద్దలు పూస్తే పూత, పిల్లలు పూస్తే ‘పులమడం’. ముఖానికి అన్నం పులుముకున్నాడు, గోడకు రంగు పులిమాడు అన్నప్పుడు ఆ క్రియలోనే కసురు వినిపిస్తుంది.

వేళ్ళతో పూసే రంగుకు బోధనలో గౌరవం తెచ్చినవారిలో రూత్ ఫెయిసన్ షా ముఖ్యురాలు. రోమ్‌లో బడి నడిపిన ఈ అమెరికన్ ఉపాధ్యాయురాలు, తెగిన వేలికి మందు రాసుకోమని పంపిన పిల్లవాడు అయొడిన్‌ను స్నానాలగది గోడంతా పూస్తుండగా చూసిందనీ, వేళ్ళతో వేసే రంగుల తయారీకి అదే ప్రేరణ అయిందనీ చెబుతారు. 1934లో ఆమె పుస్తకం వచ్చింది. ఆ గోడ దగ్గర నిలబడి ‘పులిమేశావా!’ అనకుండా ఉండగలిగినందువల్లనే ఆ రంగు పుట్టింది.

తెలుగులో పులమడానికి సాటి అయినా గౌరవం పోగొట్టుకోని క్రియ ఒకటుంది. అది ‘అలుకు’. మట్టి ఇంటి నేలను పేడనీళ్ళతో అలికే స్త్రీ చేయి సరిగ్గా రెండేళ్ళ బిడ్డ చేయిలాగే కదులుతుంది. భుజం నుంచి కదిలి అర్ధవలయం గీస్తుంది. దాని మీద మరొక అర్ధవలయం పడుతుంది. ఆరిన నేల మీద ఆ వలయాలు కనిపిస్తాయి. అది కళ అని ఎవరూ అనలేదు, కానీ పిచ్చి అని కూడా అనలేదు.

పసిపిల్లలకు తెలుగు ఇళ్ళలో చెప్పే కథల్లో బహుశా అందరికీ తెలిసినది, ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ కథ. ఈగ కనిపించినవారినల్లా తన పేరేమిటని అడుగుతూ పోతుంది. చివరకు గుర్రప్పిల్ల సకిలింపులో తన పేరు వినిపిస్తుంది. ఈ కథను మతిమరుపు మీద హాస్యంగా చెప్పుకోవడం వాడుక. రంగుల కృత్యాల సందర్భంలో చదివితే ఇందులో రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, అలికే పనిలో మునిగినవారికి పేరు గుర్తుండదు. మునగడమే ఆ పని లక్షణం. రెండు, పేరు తర్వాత వస్తుంది, పైగా బయటి నుంచి వస్తుంది. లోవెన్‌ఫెల్డ్ గీతలకు పేరుపెట్టే దశను చివరన ఉంచిన క్రమం కూడా ఇదే. మొదట పూత, తర్వాత పేరు. ‘ఏం బొమ్మ?’ అని ముందే అడిగే పెద్దలు ఈగను అలకనివ్వకుండానే పేరు చెప్పమంటున్నారు. బిడ్డ అడిగినవారి ముఖం చూసి ఏదో ఒక పేరు చెబుతాడు. ఒకసారి కుక్క, మరోసారి అమ్మ. ఆ పేరు చిత్రానికి చెందినది కాదు, ప్రశ్నకు చెందినది.

4. ముగ్గు ఎంతవరకు ఆదర్శం?

పోలిక లేకుండా, పేరు అడగకుండా తెలుగువారు ఆదరించే చిత్రం ముగ్గు. మెలికల ముగ్గు వేసినవారిని ఇది దేని బొమ్మ అని ఎవరూ అడగరు. పొద్దున వేసినది సాయంత్రానికి అడుగుల కింద చెరుగుతుంది, మర్నాడు చీపురుకు పోతుంది. దాచుకోవాలన్న ఆశ దానిలో లేదు. చిత్రం కన్నా చిత్రించడం ముఖ్యం అన్న ఆధునిక శిశువిద్యావాదానికి ఇంతకన్నా దగ్గరి దృష్టాంతం దొరకదు. అందువల్ల ముగ్గును పసిపిల్లల చిత్రకళకు దేశీయ ఆదర్శంగా చూపాలనే ఆకర్షణ బలంగా ఉంటుంది.

ఆ ఆకర్షణకు పూర్తిగా లొంగడం సరికాదు. చుక్కల ముగ్గు నియమబద్ధం. చుక్కల లెక్క తప్పితే ముగ్గు కలవదు. తల్లి ముగ్గు కూతురి చేతికి వచ్చేది చూసి, అనుకరించి, దిద్దుకుని. ఆ విధంగా ముగ్గు కూడా ‘దిద్దు’ అనే క్రియ కుటుంబంలోదే. పైగా అది ఆడపిల్లలకే అప్పగించిన విద్య. మగపిల్లవాడు ముగ్గుపిండి ముట్టుకుంటే నవ్వే వాకిళ్ళు ఇంకా ఉన్నాయి. వీటిని పక్కనబెట్టి ముగ్గును స్వేచ్ఛాచిత్రణ అనడం సంప్రదాయం పట్ల భక్తి అవుతుంది గాని విమర్శ కాదు.

ఈ సందర్భంలో పనికొచ్చేది ముగ్గు కాదు, ముగ్గు పక్కన జరిగేది. తల్లి వాకిట్లో ముగ్గు వేస్తున్నప్పుడు పక్కన కూర్చున్న పసిబిడ్డ చేతికి కాస్త పిండి ఇస్తుంది. బిడ్డ దాన్ని చల్లుతాడు, అరచేత్తో చెరుపుతాడు, వేలితో గీత లాగుతాడు. తల్లి తన ముగ్గు తను వేసుకుంటుంది. అతని పిండిని దిద్దదు, పేరు అడగదు. తన ముగ్గు మీదికి రాకుండా మాత్రం చూసుకుంటుంది. పెద్దల పని, పిల్లల పని ఒకే నేల మీద, ఒకే పదార్థంతో, వేర్వేరుగా సాగే ఈ అమరిక ఏ శిశుసంరక్షణ కేంద్రానికైనా ఆదర్శం కాగలదు. శాంతినికేతన్ కళాభవన్‌లో చదివి, 1944 నుంచి 1962 వరకు సేవాగ్రామ్‌లో పిల్లలకు కళ నేర్పిన దేవీప్రసాద్ రాసినవాటిలోనూ ఉపాధ్యాయుడు చేయి అడ్డం పెట్టకుండా తోడుగా ఉండడం మీదే నొక్కు ఉంటుంది. ఇటలీలోని రెజ్జియో ఎమీలియా శిశుకేంద్రాల్లో కళాకారులు తమ పనిగదితో సహా పిల్లల మధ్య ఉండడం ఇంకా ప్రసిద్ధమైన ఉదాహరణ. వాకిలి ఉన్నవారికి అంత దూరం వెళ్ళనవసరం లేదు.

5. అరచేయి నెమలి

ఇప్పుడు కేంద్రాల్లో సాధారణంగా కనిపించే కృత్యాలను చూడవచ్చు. ముద్రించిన ఆకృతిలో రంగు నింపడం, బెండకాయ కోసి రంగులో ముంచి ముద్రలు వేయించడం, దూదిపుల్లలతో చుక్కలు పెట్టించడం, పండగ వస్తే జెండా, దీపం, గాలిపటం. వీటిలో బెండకాయ ముద్ర కొంత మేలు. కాయ ఎక్కడ పడాలో బిడ్డ నిర్ణయించుకోనిస్తే అది నిజంగా ఆటే. పువ్వు రేకుల చోట్లలోనే పడాలంటే అదీ దిద్దడమే.

వీటన్నింటిలో ఎక్కువగా ఆలోచించవలసినది అరచేయి నెమలి. ఆయా బిడ్డ అరచేతికి నీలిరంగు పూస్తుంది, కాగితం మీద అదుముతుంది, ఎత్తుతుంది. తర్వాత టీచరు స్కెచ్ పెన్నుతో కన్ను, ముక్కు, కాళ్ళు గీస్తుంది. కింద బిడ్డ పేరు, తేదీ. తల్లిదండ్రుల వాట్సప్ గుంపులో ఫొటో. చూసిన తల్లికి కళ్ళు చెమరుస్తాయి. ఆ అరచేయి అంత చిన్నగా మళ్ళీ ఉండదు కనుక ఆ చెమ్మ నిజమైనదే, దాన్ని ఎగతాళి చేయనక్కర్లేదు. జ్ఞాపికగా అది విలువైనది. చిత్రలేఖన కృత్యంగా మాత్రం అందులో బిడ్డ చేసిన పని ఏమీ లేదు. రంగు ఎంచుకోలేదు, పూయలేదు, కదిలించలేదు. బెండకాయ ఉన్న స్థానంలో చేయి ఉంది. ఇక్కడ బిడ్డ చిత్రకారుడు కాదు, అచ్చు.

ఈ కృత్యం ఎవరి కోసం జరుగుతోందన్నది అసలు ప్రశ్న. సాయంత్రం గేటు దగ్గర ‘ఈ రోజు ఏం నేర్పారు?’ అని అడిగే తల్లిదండ్రుల కోసం. ఆ ప్రశ్నకు రంగు ముద్ద జవాబు కాలేదు, నెమలి కాగలదు. కట్టిన ఫీజుకు రసీదు నెమలి. కేంద్రం నడిపేవారిని మాత్రమే నిందించి లాభం లేదు. ఒక టీచరు, ఒక ఆయా, డజనుకు పైగా పసిపిల్లలు ఉన్న గదిలో గిన్నెలతో రంగులు పెట్టి మీ ఇష్టం అనడం చెప్పినంత సులువు కాదు. నేల తుడవాలి, పదిమంది చేతులు కడగాలి, బట్టలు మార్చాలి, ఎవరి నోట్లోకి ఏం వెళుతోందో చూడాలి. చొక్కాకు మరక ఎందుకైందని ఇంటి నుంచి ఫిర్యాదు వస్తే సమాధానం చెప్పవలసింది ఆయాయే. ఆకృతిలో రంగు నింపించడం ఆమెకు సౌందర్యశాస్త్రం కాదు, ఆత్మరక్షణ. ఈ సంగతి ఒప్పుకోకుండా చేసే ఏ విమర్శ అయినా తక్కువ జీతం వచ్చే మనిషి మీద ఎక్కువ జీతం వచ్చే మనిషి చేసే ఫిర్యాదుగా మిగిలిపోతుంది.

పదార్థాల విషయంలో చిక్కు తక్కువే. అన్నీ నోట్లో పెట్టుకునే వయసు కనుక తినే వస్తువులతోనే రంగు కలుపుకోవడం మేలు. చిక్కటి గంజిలో పసుపు, బీట్‌రూట్ రసం, ఆకుకూర రసం చాలు. ఎరుపు కోసం పసుపులో సున్నం కలిపే ఇంటి చిట్కా మాత్రం ఇక్కడ పనికిరాదు. సున్నం లేత చర్మాన్నీ కళ్ళనూ పొక్కిస్తుంది. పసుపు మరక బట్టను వదలదు కనుక ముందే పాత చొక్కా పంపమని ఇంటివారిని అడగాలి. కాగితం బల్ల మీద కన్నా నేల మీద, వీలైనంత పెద్దదిగా ఉండాలి. భుజం నుంచి కదిలే చేతికి చిన్న కాగితం ఏ మూలకూ చాలదు.

6. కాగితం అంచు దాటినప్పుడు

కాగితం చాలకపోతే ఏం జరుగుతుందో తెలుగు పాఠకులకు ‘రైలుబడి’ ద్వారా తెలుసు. తెత్సుకో కురొయనాగి 1981లో జపాన్‌లో ప్రచురించిన ఈ జ్ఞాపకాల పుస్తకంలో తొత్తోచాన్‌ను మొదటి బడి నుంచి పంపించివేయడానికి చూపిన కారణాల్లో ఒకటి జెండా బొమ్మ. ఆమె కాగితం నిండా జెండా వేసింది. దాని అంచు కుచ్చులకు చోటు మిగలలేదు. కుచ్చులను బల్ల మీద గీసింది. టీచరుకు కనిపించినది బల్ల మీద పోని పసుపు గీతలు. పిల్లకు కనిపించినది పూర్తయిన జెండా. తొత్తోచాన్ అప్పటికి బడి వయసుకు వచ్చిన పిల్ల, ఏం గీస్తున్నదీ ఆమెకు తెలుసు. ఆమెకే ఆ గతి పట్టినప్పుడు, ఏం చేస్తున్నదీ చెప్పడానికి మాటలు ఇంకా రాని రెండేళ్ళ బిడ్డ పక్షాన మాట్లాడేదెవరు?

అదే పుస్తకంలో కొబయాషి మాస్టారి తొమొయె బడిలో పిల్లలు సభాగృహం నేల మీద సుద్దముక్కలతో సంగీతపు గుర్తులు రాస్తారు. కాగితం లేదు కనుక అంచు దాటే భయం లేదు. పాఠం అయ్యాక నేలను వాళ్ళే తుడుస్తారు. ఆ తుడవడంలోని కష్టం తెలిసినందువల్ల, నేల మీద తనివితీరా గీసినందువల్ల తొమొయె పిల్లలకు ఊరి గోడల మీద గీయాలన్న యావ ఉండదని రచయిత్రి చెబుతుంది. ఈ పుస్తకం మీద తెలుగులో వచ్చిన ప్రశంసలు మాస్టారి ప్రేమను గురించి ఎక్కువగా మాట్లాడాయి. ఆయన నేలను ఇచ్చాడన్న సంగతి, తుడిచే గుడ్డను కూడా ఇచ్చాడన్న సంగతి అంతగా చర్చకు రాలేదు. చలం ‘బిడ్డల శిక్షణ’ మొదలుకొని తెలుగులో పిల్లల స్వేచ్ఛ మీద సాగిన చర్చ పెద్దల కోపాన్నీ దండననూ ప్రశ్నించినంతగా, పిల్లల చేతికి ఏ పదార్థం, ఎంత చోటు ఇవ్వాలన్న ప్రశ్నను పట్టించుకోలేదు. కొట్టకుండా ఉండడం ఒక మెట్టు. గంజిగిన్నె ఇచ్చి పక్కన కూర్చోవడం మరొకటి.

పక్కన కూర్చున్న ఆయా ఏమనాలి? ‘చాలా బాగుంది’ అనే మాట ‘ఏం బొమ్మ?’ కన్నా ఏమంత మేలు కాదు. అది కూడా తీర్పే. చూస్తున్నదాన్ని చెబితే చాలు. ‘పసుపు మీద ఎరుపు పడింది బుజ్జీ’, ‘చేయి గుండ్రంగా తిరిగింది’, ‘ఇక్కడి నుంచి అక్కడిదాకా వెళ్ళిపోయింది’. ఇవి పేరు అడగని వాక్యాలు. వీటిలో నామవాచకం కన్నా క్రియ బలంగా ఉంది. రెండేళ్ళ బిడ్డకు అవసరమైన తెలుగు కూడా అదే. పడటం, తిరగడం, కలవడం, పోవడం వంటి మాటలు చేయి చేస్తుండగా చెవిన పడతాయి. ఏమీ అనకుండా చూస్తూ కూర్చోవడం కూడా ఒక జవాబే.

ఇక శుభ్రం చేయడం. ఆయా భయపడేది దీనికే, ఆకృతుల కాగితాలు నిలిచి ఉన్నది కూడా దీని వల్లనే. పెద్దలకు రంగు వేయడం ఒక పని, తుడవడం మరొక పని. తప్పటడుగుల బిడ్డకు ఆ విభజన తెలియదు. రంగు అయిపోయాక తడిగుడ్డ చేతికిస్తే అతడు ఆగడు. నేల మీద మిగిలిన పసుపు గంజిని గుడ్డతో ఇటు నుంచి అటు తోస్తాడు, వలయం మీద వలయం వేస్తాడు, నీళ్ళు రంగు మారడం చూస్తాడు. ఆయా పక్క నుంచి తను తుడవవలసిన మేర తుడుచుకుంటూ వస్తుంది. ఆ కాసేపట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే బిడ్డ పలకకపోవచ్చు. అలుకుతున్నాడు.